ఎర్ర మచ్చ, పసుపుకొమ్ము

సిద్ధయ్య తాత పొద్దుగూకే వేళకు వస్తానన్నాడు. ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. అది తూర్పు గోడ ఎక్కి చూరు దాటి పోయేదాకా ఆయన రాడు, అంతవరకూ ఈ నూలు కండెలు చుట్టుకోవచ్చు అనుకుంది కాంతమ్మ. అనుకుందే గాని రాట్నం తిప్పే చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట. చూపంతా తొట్టెల మీదే. పాత చీరతో కట్టిన తొట్టెలలో విజయరాణి నిద్రపోతోంది. తొట్టెల తాడు కొస కాంతమ్మ కాలి బొటనవేలికి ఉంది, రాట్నం తిరుగుతుంటే కాలు దానంతటదే ఊగుతుంది, సాలెల ఇళ్లలో పిల్లలు పెరిగేది ఈ తాళానికే. నిండా ఏడాది లేని పిల్లకు అంత పేరెందుకని వీధిలో నవ్వని వాళ్లు లేరు. పెట్టింది మాత్రం వాళ్ల నాయిన లింగమూర్తి, ఆడపిల్ల పుట్టిందని మొహం ముడుచుకోకుండా రాణిని చేసి కూర్చోబెట్టాడు, ఆ ఒక్కదానికి అతన్ని ఎన్నిసార్లైనా మన్నించొచ్చు. రాణి ఎడమ చెంప పైకి పెట్టి పడుకుంది. చెంప మీద, కంటికి కాస్త కింద, ఎర్రటి మచ్చ. మచ్చ అంటే సరిపోదు, పండిన రేగుపండంత ఎత్తుగా, మెత్తగా ఉంది. వంటింట్లో అత్త దుర్గవ్వ పిడకలు రాజేస్తోంది. ఆ నిప్పు వంటకు కాదు.

పసుపుకొమ్ము కొసను నిప్పుల్లో పెట్టి, అది ఎర్రబడ్డాక తీసి, మచ్చ మీద మూడు చురకలు. సిద్ధయ్య చేసేది అదే. ఆయన తండ్రి అదే చేశాడు. పసిపిల్లలకు కడుపు ఉబ్బినా, ఫిట్సు వచ్చినా, ఒంటి మీద లేని రంగు పొడుచుకొచ్చినా ఇటు సిద్దిపేట నుంచి అటు గజ్వేల్ దాకా ఊళ్లన్నిటికీ ఆయనే దిక్కు. కబురు పంపింది దుర్గవ్వ. దుర్గవ్వ చెడ్డ మనిషైనా బాగుండేది, ఎదురు తిరగడానికి ఎంత సులువు, నాలుగు మాటలని తలుపేసుకుంటే సరిపోయేది. కాని ఈమె బిడ్డ పుట్టిన నెలంతా కోడలి చేత మంచినీళ్లు కూడా తోడించని మనిషి. రాత్రి పిల్ల ఏడిస్తే కోడలి కంటే ముందు లేచే మనిషి. నిన్న కూడా, గోడకు ఆనుకుని కూర్చుని, పిల్ల తల నిమురుతూ ఏడ్చింది. "నువ్వు పడ్డది ఇది పడొద్దు బిడ్డా, గంతే నా బాధ" అంది. దానికి ఏం చెప్పాలి? పోగు తెగింది. కాంతమ్మ రాట్నం ఆపి, రెండు కొసలు కలిపి, వేలు తడిచేసి మెలిపెట్టింది. ముడి కనిపించకుండా వెయ్యడం ఆమెకు కళ్లు మూసుకున్నా వచ్చు.

నువ్వు పడ్డది. ఆ మాట దగ్గర ఆగిపోయింది మనసు. పడ్డది ఏమిటి? కుడి చెంప నిండా, చెవి దగ్గర్నుంచి దవడ దాకా, నేరేడు రంగు పరుచుకుని ఉంది. పుట్టినప్పుడు గులాబీ రంగు ఉండేదట, ఆమె పెరిగేకొద్దీ ముదిరింది. ఎత్తు లేదు, గరుకు లేదు, కళ్లు మూసుకుని నిమిరితే మచ్చ ఉన్నట్టే తెలియదు. తెలిసేవి చురకలే. పెదవి కొస దగ్గర ఒకటి, దాని పైన రెండు, చర్మం దగ్గరికి లాక్కుని గట్టిపడిన ముడతలు. అందుకే నవ్వితే ఆ పక్క పెదవి పైకి లేవదు. చిన్నప్పుడు అద్దంలో చూసుకుని వేలితో ఎత్తి పెట్టేది, వేలు తీయగానే జారిపోయేది. అడిగేవాళ్లు ఎప్పుడూ ఆ రంగు గురించే అడుగుతారు. పుట్టినప్పటి నుంచి ఉన్నదా, ఏ గ్రహణమప్పుడు పడ్డది, ఏమన్న తగ్గిందా, అప్పటికంటే తగ్గినట్టే ఉందిలే. ముడతల గురించి ఎవరూ అడగరు. అవి పెట్టినవి కదా, మంచికే పెట్టినవి కదా.

ఎండ గోడ మొదలుకు చేరింది. కోమటి చెరువు వైపు నుంచి గాలి తోలింది, తొట్టెల దానంతటదే ఊగింది, కాలికి కాస్త విశ్రాంతి. పోయిన వారం ఇదే వేళకు దవాఖాన అరుగు మీద కూర్చుని ఉంది. హైదరాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చిపోతోందని, ఆడవాళ్లను తనే చూస్తుందని ఎవరో చెబితే, సంతకని చెప్పి పిల్లను కొంగు కింద దాచుకుని వెళ్లింది. అబద్ధమాడానని భయం, డాక్టరమ్మ కసురుతుందేమోనని భయం. ఆమె కసరలేదు. ముందు చేతులు కడుక్కుంది, తర్వాత పిల్ల చెంప మీద బొటనవేలు మెత్తగా ఆనించి కాసేపు ఉంచింది. వేలు తీస్తే మచ్చ తెల్లబడి ఉంది, చూస్తుండగానే మళ్లీ ఎరుపు నిండింది. "ఇది పుట్టిననాడు ఉన్నదా, తర్వాత వచ్చిందా?" అని అడిగింది. పుట్టిననాడు లేదు. పురిటి స్నానమైన తర్వాత దోమ కుట్టినంత చుక్క కనిపించింది, అది పెరిగి పెరిగి ఇంతైంది. "మరి నీది?" కాంతమ్మ కొంగు చెంప మీదికి లాక్కుంది. డాక్టరమ్మ ఆ కొంగును తనే పక్కకు తీసింది, ఎంత మామూలుగా తీసిందంటే సిగ్గుపడడానికి కూడా సందు దొరకలేదు. పుట్టిననాటి నుంచి ఉందంది కాంతమ్మ.

"రెండూ ఒకటి కాదమ్మా. నీది వేరే, బిడ్డది వేరే" అంది డాక్టరమ్మ. అందరూ ఒకటే అన్నారు. తల్లి మచ్చ పిల్లకు దిగింది అన్నారు, తల్లి చెంప చూసి పిల్ల చెంప చూసి తలలూపారు, కాంతమ్మ కూడా ఊపింది. ఇంకెవరి మచ్చ దిగుతుంది మరి? డాక్టరమ్మ మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని, తెలుగులో ఉర్దూ కలిపి, తొందర లేకుండా చెప్పింది. చర్మం కింద నెత్తురు పారే నరాలుంటాయి, మీ నూలు పోగు కంటే సన్నం, కొందరికి కడుపులో ఉన్నప్పుడే ఒకచోట వెడల్పయి అట్లనే ఉండిపోతాయి, నీవి అవి, అవి పోవు, ఇంకా ముదురుతాయి. బిడ్డవి పుట్టిన తర్వాత గుంపు కట్టినయి. "ఏడాది దాంక పెరుగుతది, నువ్వు గాబరా పడకు. తర్వాత ఆగుతది. నడుమల నుంచి బూడిద రంగు తిరుగుతది, మెల్లమెల్లగ అణుగుతది. బడికి పోయే ఈడుకు చాలామందికి కరిగిపోతది" అంది. మందేదని అడిగితే, "ముట్టకుండ ఉండుడే మందు" అంది. కన్ను మూసుకుపోయేటంత పెరిగినా, పుండై నెత్తురు ఆగకపోయినా పిల్లను పట్టుకుని రమ్మంది. పట్నంలో కొందరు దీన్ని మంచుతో కాలుస్తారట, కొందరు రేడియం అని ఏదో పెడతారట. "కాల్చినోళ్లను చూసిన, కాల్చనోళ్లను చూసిన. కాల్చనోళ్ల మొకాలే బాగున్నయి." అని, ఆగి, కాంతమ్మ ముడతల మీద వేలు పెట్టి అడిగింది. "ఇది ఎవరు చేసిన్రు?" మంచికే చేసిన్రు అంది కాంతమ్మ.

చాలామందికి. ఆ మాట అప్పటి నుంచీ చెవిలో తిరుగుతోంది. అందరికీ అనలేదు. అందరికీ అని ఉంటే ఇంటికొచ్చి గట్టిగా చెప్పేది, పక్కింటి వాళ్లకు కూడా వినబడేలా చెప్పేది. ఆ మనిషి అబద్ధం ఆడదు, అదే వచ్చిన చిక్కు. సిద్ధయ్యను అడిగితే తప్పక పోతుంది అంటాడు, గుండె ధైర్యంగా ఉంటుంది. రంగు పని తెలిసిన ఇంట్లో పుట్టింది కాంతమ్మ, ఆమెకు ఈ సంగతి రంగుల్లోనే అర్థమైంది. నూలుకు పటిక పట్టించి అద్దితే పక్కా రంగు, బట్ట చిరిగేదాకా వదలదు. పటిక పట్టకపోతే కచ్చా రంగు, ఉతికేకొద్దీ వెలిసిపోతుంది. తనది పక్కా, పిల్లది కచ్చా. కాని నూలైతే ఒక చిలప, చుట్టిన పోగుల కట్ట, తడిపి చూసుకోవచ్చు. పిల్ల చెంపను ఏం పెట్టి చూసుకోవాలి? ఏళ్లు పెట్టి చూసుకోవాలి. అన్నేళ్లూ ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చున్న తల్లిని ఎవరు తల్లంటారు? చురక పెట్టించినా మచ్చ పోకపోతే, పాపం, చేయవలసింది చేశారు అంటారు. పెట్టించకుండా అది పోకపోతే, చేతులు కట్టుకుని చూసింది, తన మొహం అట్లా ఉందని పిల్లది కూడా అట్లాగే ఉండనిచ్చింది అంటారు. లింగమూర్తి దగ్గర మాటెత్తితే మగ్గం గుంటలోంచి తల పైకెత్తకుండా, "మీరిద్దరు ఏదంటే గదే" అన్నాడు. ఇద్దరూ ఒకటంటే కదా ఆ మాట పనికొచ్చేది. ఈ పొద్దు పొద్దున్నే నూలు దొరుకుతుందేమో చూస్తానని బయలుదేరాడు. యుద్ధం వచ్చాక నూలు కరువే, నిజమే, కాని ఈ రోజే దొరకాలని ఏముంది, ఆయన పోయింది నూలు కోసం కాదు, పిల్ల ఏడుపు వినలేక. మెత్తని మనిషి. మెత్తగా ఉండడం కూడా ఒక్కోసారి ఎంత కోపం తెప్పిస్తుంది.

కండె నిండింది. తీసి గంపలో వేసి ఇంకొకటి ఎక్కించింది. ఈ నూలు ఎర్రది. కడుపుతో ఉన్నన్నాళ్లూ దుర్గవ్వ ఈ ఎర్ర నూలు ముట్టనివ్వలేదు, తెల్లదే చుట్టించింది, ఎర్ర చీరలు మడిచి దూలం మీద పెట్టింది, కుంకుమ కూడా తనే వేలితో తీసి పెట్టేది. ఆ నెలల్లో గ్రహణం కూడా రాలేదు. అన్ని జాగ్రత్తలు పడ్డాక కూడా వచ్చింది చుక్క. వచ్చిందంటే మరి, మరి తనను కన్న అవ్వ చేసిన తప్పు? ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. అవ్వ మల్లవ్వ గజ్వేల్లో రంగు బానల మధ్యే బతికింది. కాంతమ్మ కడుపులో ఉండగా గ్రహణం పట్టింది, పెద్దవాళ్లు చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టారు, కదలొద్దు, గోక్కోవద్దు. బానలో ఎర్ర రంగులో నూలు ఉంది. పొద్దున వేసింది, ఇంతలో గ్రహణమొచ్చి అందరూ తలుపులేసుకున్నారు, తీసే వాళ్లు లేరు. వేళకు తీసి తిప్పకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడి నూలంతా పాడవుతుంది. అవ్వ లేచింది. మెల్లగా వెళ్లి చిలపలన్నీ ఎత్తి, పిండి, ఆరేసింది. చెమట పట్టింది. తడి చేత్తో చెంప తుడుచుకుంది. కుడి చెంప. ఇంకేం కావాలి ఊరికి? ఇంకేం కావాలి అవ్వకు? పురిట్లో బిడ్డ మొహం చూసిన దగ్గర్నుంచి చనిపోయేదాకా ఆ చెయ్యి వైపే చూసుకుంది. అన్నం తినిపించేటప్పుడు కూడా ఆ చేత్తో కాంతమ్మ చెంప ముట్టేది కాదు, ఎడమ చెంపే నిమిరేది. నూలు మచ్చ పడకుండ కాపాడుకున్న, బిడ్డకు మచ్చ పెట్టిన అనేది. చివరి రోజుల్లో, ఒంట్లో ఓపిక లేకపోయినా, అదే మాట.

అవ్వా, నీ తప్పు కాదంటనే. డాక్టరమ్మ చెప్పింది. నూలు పోగు కంటే సన్నం నరాలంట, అవి నీ చెయ్యికి అందయంట, గ్రహణానికి అందయంట. నువ్వు లేవకుండా పడుకున్నా అట్లనే వచ్చేదంట. ఈ నాలుగు మాటలు నీకు చెప్పేవాళ్లు ఒక్కరు లేకపోయిరి. కాంతమ్మ కళ్లు నిండాయి, ఎర్ర పోగు రెండుగా కనబడింది, అయినా తెగలేదు. ఆమె ఏడుపు తన కోసం కాదు, మచ్చ కోసం కాదు. ఒక మనిషి తన చేతిని తనే జీవితమంతా అసహ్యించుకుని పోయింది, దానికి ఏడుస్తోంది. ఆ చేతులే కదా ఆ రోజు తన కాళ్లు పట్టుకున్నవి. ఎంత వయసో గుర్తు లేదు, మాటలు బాగా వచ్చిన వయసు. ఎవరో తల పట్టుకున్నారు, అవ్వ కాళ్లు పట్టుకుంది, పట్టుకుని అయిపోయింది అయిపోయింది అంటోంది, ఇంకా మొదలే కాలేదు. తర్వాత పసుపు కాలిన వాసన. పచ్చి పసుపు ఏమీ చేయదు, పెళ్లికి ఒళ్లంతా పూసినా ఏమీ కాలేదు, నూనెలో పసుపు మాడితే మాత్రం ఇప్పటికీ కాంతమ్మ వంటింట్లోంచి లేచి బయటికి వచ్చేస్తుంది. దుర్గవ్వ దాన్ని చూసి, వంట చేతగాని పిల్ల అని నవ్వేది. నవ్వి తనే పోపు వేసేది.

పెళ్లిచూపులకు గజ్వేల్ వచ్చినప్పుడు కూడా అట్లాగే నవ్వింది. వెంట వచ్చిన ఆడబంధువు చెంప చూసి ముక్కు విరిస్తే, దుర్గవ్వ కాంతమ్మ వేళ్లే చూస్తోంది, చిక్కుపడిన చిలపను తెగకుండా విడదీస్తున్న వేళ్లను. "మొకం నేస్తదా ఏంది? చేతులు నేస్తయి గని" అంది. ఆ ఒక్క మాట మీద కాంతమ్మ సిద్దిపేట వచ్చింది. ఆ మాట అన్న మనిషే ఇవాళ పిడకలు రాజేస్తోంది. అంటే ఆమెకు ఈ చెంప పట్టనట్టే కనిపిస్తూ, ఇన్నేళ్లూ పట్టిందన్నమాట. తన మనుమరాలి దగ్గరికి వచ్చేసరికి చేతులు చాలవు, మొహం కూడా కావాలన్నమాట. కాంతమ్మకు కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. తనకూ కావాలి కదా. తనకూ రాణి చెంప రెండో చెంపలాగే ఉండాలని, పెదవులు రెండు కొసలూ లేచేలా నవ్వాలని ఉంది కదా.

ఎండ గోడ నడుమకు ఎక్కింది, తొట్టెల మీదుగా పడుతోంది. కాంతమ్మ రాట్నం వదిలి లేచి వంగి చూసింది. మచ్చ నడుమ, నువ్వుగింజంత మేర, ఎరుపు కాస్త వెలిసినట్టు ఉంది. బూడిద రంగా? ఉందనిపించింది. కొంగుతో ఎండ అడ్డుపెట్టి చూస్తే లేదనిపించింది. మళ్లీ ఎండలో చూసింది. ఎంతసేపు చూసినా తన ఆశ ఎక్కడ ఆగుతుందో, మచ్చ ఎక్కడ మొదలవుతుందో తేలలేదు. సరే, తేలకపోనీ అనుకుంది. కచ్చా రంగైతే ఉతుకులకు పోతుంది. పక్కా అయితే నా బిడ్డ నాలాగే ఉంటుంది, కాని నవ్వితే మాత్రం రెండు పక్కలా నవ్వుతుంది. ఇంత చిన్న మాట తేల్చుకోవడానికి పొద్దంతా పట్టింది. కాలి వేలికున్న తాడు విప్పింది.

కర్ర చప్పుడు ముందు వచ్చింది, సిద్ధయ్య తర్వాత వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు. కళ్ల మీద తెల్లటి పొరలు, గడప ఎక్కడుందో కర్రతో వెతుక్కున్నాడు. అరుగు మీద కూర్చుని, నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పి పసుపుకొమ్ము తీశాడు. "బిడ్డ ఏదవ్వా? నా చేతికియ్యి. కండ్లు లేకున్న ఏలు జాడ పడ్తది" అన్నాడు. దుర్గవ్వ నిప్పుల మూకుడు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కాంతమ్మ పిల్లను తేలేదు. తను వెళ్లి ఆయన ముందు కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని తన కుడి చెంప మీద పెట్టుకుంది.

"ఇది పసిది కాదే" అంటూ ఆయన వేళ్లు చెంప మీద నడిచి, ముడతల దగ్గర ఆగాయి. ఒకటి, పైన రెండు. మళ్లీ వెనక్కి వచ్చాయి. "ఎవరింటి పిల్లవు బిడ్డా?"

"గజ్వేల్ల రంగు పని చేసే మల్లవ్వ బిడ్డను, తాతా."

"గ్రహణం మచ్చ పిల్లవా?" ముసలాయన మొహం విచ్చుకుంది. "యాదికున్నది. సురుకు పెట్టేదాంక నవ్వుకుంటనే ఉంటివి, నా మీసం గుంజితివి. మరి పోయిందా ఎర్ర?"

"పోలే తాతా. నువ్వు పెట్టింది గూడ పోలే."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, పసుపుకొమ్మును తడుముకున్నాడు. మూకుడులో పిడక చిటపటమంది. "పెట్టిపోయినోన్నే గని, మల్ల వచ్చి చూసినోన్ని కాదు బిడ్డా. ఎవ్వలు చెప్పలే" అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు. పసుపుకొమ్మును కాంతమ్మ అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "కూరల ఎయ్యి" అన్నాడు. మంచినీళ్లు అడిగి తాగి, కర్ర అందుకుని లేచాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా దుర్గవ్వ గుమ్మంలోంచి చూసింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "రేపు అది పెద్దగయ్యి, నా మొకం ఎందుకు ఇట్ల ఇడిసిపెట్టిన్రని అడిగితే ఏం చెప్తవ్?" అంది.

"మా అవ్వ ఎవ్వలను ముట్టనియ్యలేదు అనుకుంటది, అత్తమ్మా. డాక్టరమ్మ చానమందికి పోతదన్నది. సంతకని చెప్పి దవాఖానకు పోయిన." ఇంక దాచడానికి ఏమీ లేదు, ప్రాణం తేలికైంది.

దుర్గవ్వ నిప్పుల వైపు చూసింది, కోడలి వైపు చూసింది. పెద్ద కోపమే వస్తుందనుకుంది కాంతమ్మ. రాజేసిన నిప్పు వృథా పోవడం ఆమెకు గిట్టదు, ఆ నిప్పులు తీసుకెళ్లి నీళ్ల పొయ్యిలో వేసింది, కాగు ఎక్కించింది. "లేపు దాన్ని. తానం పోస్త" అంది. పెరట్లో పీట వేసుకుని, కాళ్లు చాపి, కాళ్ల మీద రాణిని పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. పిల్ల ఒకసారి ఉలిక్కిపడి, ఏడవాలా వద్దా అని ఆలోచించి, నవ్వింది. దుర్గవ్వ బొటనవేలితో మచ్చను మెత్తగా అదిమి తీసింది. తెల్లబడింది. మళ్లీ ఎర్రబడింది. ఇంకోసారి అదిమింది. ఇన్ని నెలల్లో ఆ మచ్చను ఆమె ఇట్లా ముట్టుకోవడం ఇదే మొదలు.

"గీ నీళ్లు చల్లగయితయి, తువ్వాల తే" అంది. కాంతమ్మ తువ్వాల తెచ్చి వంగినప్పుడు, దుర్గవ్వ తడిచెయ్యి ఎత్తి ఆమె కుడి చెంప మీద, ముడతల మీద పెట్టింది. గోరువెచ్చగా ఉంది.

"గప్పుడు... నొచ్చిందా బిడ్డా?"

"నొచ్చింది అత్తమ్మా" అంది కాంతమ్మ. "మస్తు నొచ్చింది." అని, ఇంత పెద్దదయ్యాక, పసిపిల్ల ముందు, తువ్వాలలో మొహం పెట్టుకుని ఏడ్చింది.